నలభై ఒక్క నిమిషాలు

స్కాన్ గది, ఆసుపత్రి నేలమాళిగ
ఫిబ్రవరి 6

వదినకి,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. మందు పెట్టెతో పాటు, మీ కంపెనీ సంచిలో, మడత నలగకుండా వచ్చింది. ఫోన్లుండగా ఈ ఉత్తరాల పిచ్చేమిటని అన్నయ్య వెక్కిరిస్తున్నాడన్నావు. వెక్కిరించనీ. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నేను కూర్చునేది సీసపు గోడల మధ్య. ఇక్కడ ఫోను ఉన్నా లేనట్టే.

ఆ పెట్టెలో అంత బరువేముందని అడిగావు కదా. బరువంతా సీసపు డబ్బాది. లోపలుండేది బొటనవేలంత గాజు బుడ్డి, అందులో నీళ్ళలాంటి మందు. దాన్ని సూదితో ఎక్కించి స్కాన్ తీస్తే ఒంట్లో జబ్బు ఎక్కడెక్కడ దాక్కుందో బొమ్మలో వెలిగి కనిపిస్తుంది. తంటా ఏమిటంటే అది నిలవుండదు. తయారైన గంటా యాభై నిమిషాలకి సగమైపోతుంది. ఇంకో గంటా యాభైకి ఆ సగంలో సగం. తయారయ్యేది మీ ఊళ్ళో, వాడేది మా ఊళ్ళో. మధ్యలో రెండు వందల పద్నాలుగు కిలోమీటర్లు, మీ బుల్లి విమానం. రోడ్డు మీద కొండలన్నీ చుట్టి తెచ్చేసరికి ఏడు గంటలవుతుంది, అప్పటికి అది ఉత్త నీళ్ళు.

మీ టైంటేబుల్లో ప్రయాణం గంటా ఇరవై అయిదు నిమిషాలని ఉంది. మా దగ్గర ఒక లెక్కల డాక్టరున్నాడు. రోగుల్ని చూడడు, మందు ఎవరికెంత వస్తుందో లెక్కలు వేస్తాడు, అంతే. ఆయన ఆ అంకె పట్టుకుని సోమవారమే ఫారం నింపేస్తాడు. ఆ లెక్కన మందు ఇద్దరికే వస్తుంది. మూడో మనిషి మళ్ళీ మంగళవారం దాకా ఆగాలి, ఎందుకంటే మందు వచ్చేది వారానికొక్కసారే.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, ఆ మూడో మనిషి మన పిన్ని. నీకు చిన్నత్తయ్య. కిందటేడు దవడ కింద గడ్డ తీశారు చూడు, అక్కడే మళ్ళీ బఠాణీ గింజంత గట్టిగా తగుల్తోందట. స్కాన్ చూస్తే గానీ కత్తి పట్టనంటున్నాడు సర్జను. ఆపరేషను తేదీ ఖాయమైన వాళ్ళు ముందు, అనుమానం వాళ్ళు తర్వాత. పిన్నిది అనుమానం. మీ ఊళ్ళో స్కానుకి కూడా పేరు రాయించాను, జూలైలో రమ్మన్నారు.

మనిషి మాత్రం కుట్టు మిషను ముందునుంచి లేవడం లేదు. నోట్లో గుండుసూదులు పెట్టుకునే మాట్లాడుతోంది. 'జూలైకి నేనుంటే వస్తాలే' అని జోకు. నాకు ఒళ్ళు మండింది.

నీ మరదలు


టైంటేబుల్ గది, రెండో అంతస్తు
ఫిబ్రవరి 15

మరదలు పిల్లా,

చిన్నత్తయ్య సంగతి చదివి మనసు పాడైపోయింది. మీ అన్నయ్య అయితే అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉన్నాడు, తినలేదు. వచ్చే మంగళవారం తప్పకుండా అయిపోతుందిలే, అనవసరంగా గుండెలు బాదుకోకు.

ఇక్కడి భాగోతం చెప్తా విను. మాకు బహుమతి వచ్చింది. 'వేళ తప్పని సంస్థ' అట. ఒక గాజు దిమ్మ, దాని మీద రెండు రెక్కలు. మా సెంటు మేనేజరు దాన్ని చంకనేసుకుని గదిగదికీ తిరిగాడు. ఆయన లిఫ్టు ఎక్కితే మర్నాటిదాకా ఆ లిఫ్టులో ఊపిరి పీల్చలేం, అంత సెంటు. విమానం ఆకారంలో కేకు తెప్పించాడు, పైన నీలం క్రీము. రెక్క విరిచి నా నోట్లో తనే పెట్టబోయాడు. ఆ వేళ్ళు అప్పటిదాకా నాక్కుంటున్నవే! ఛీ. టిష్యూలో పట్టుకుని చెత్తబుట్టలో పడేశాను. నీలం రంగు గోళ్ళలోంచి ఇప్పటికీ పోలేదు.

ఇక ప్రయాణికుల సంగతి చూడాలి. పైలట్ మైకులో 'శుభవార్త, మనం నలభై నిమిషాలు ముందే దిగుతున్నాం' అంటాడు, వీళ్ళంతా చప్పట్లు. రోజూ ముందే దిగుతారు, రోజూ చప్పట్లే. ఇంత పెద్దవాళ్ళు, ఒక్కళ్ళకీ అనుమానం రాదు. చూస్తుంటే రోత పుడుతుంది.

గంటా ఇరవై అయిదు ఏమిటని నువ్వు అడగలేదు గానీ, అడిగినట్టే ఉంది. అది పైవాళ్ళ తెలివి. కాస్త ఎక్కువ రాసుకుంటే ఎప్పుడూ ఆలస్యం కానట్టు ఉంటుంది. అన్ని కంపెనీలూ చేసేదే.

మరిచాను, నాకు సీనియర్ ఇచ్చారు. యూనిఫాం కోటు చేతి మీద రెండో పట్టీ కుట్టుకోవాలి. చిన్నత్తయ్య కుట్టిన కోటే కదా, వేరేవాళ్ళ చెయ్యి పడితే ఊరుకోదు. కోటూ పట్టీ సంచిలో పంపుతున్నాను. తొందరేం లేదని చెప్పు.

మీ వదిన


స్కాన్ గది
ఫిబ్రవరి 27

వదినా,

కోటు పంపుతున్నాను. తొందర లేదన్నా వింటేనా, ఆ పూటే కుట్టేసింది. తల ఎడమవైపు వంచితే నొప్పని కుడివైపు వంచి కుట్టింది. 'మా కోడలికి రెండో గీత వచ్చింది' అని వీధంతా చాటింపు.

మూడు మంగళవారాలు అయ్యాయి. మూడుసార్లూ తనే మూడోది. ప్రతివారం ఆపరేషను తేదీ పట్టుకుని ఇద్దరు కొత్తవాళ్ళు ముందుకొస్తున్నారు. నేను వాళ్ళని తిట్టుకోలేను, వాళ్ళ ప్రాణాలూ ప్రాణాలే.

ఇవాళ జరిగింది చెప్తాను. ఇద్దరికీ సూదులయ్యాక బుడ్డిని కొలత యంత్రంలో పెట్టాను. అలా పెట్టి, అంకె రాసి, చావడానికి మూల అరలో పడేయడం నా పని. దాదాపు రెండేళ్ళుగా చేస్తున్నాను. ఇవాళ మొదటిసారి ఆ అంకెని చదివాను. ఇంకో మనిషికి సరిపోయేంత మందు మిగిలి ఉంది. పిన్నికి సరిపోయేంత. మిషను ఖాళీ, నేను ఖాళీ, మందుంది. పిన్ని నాలుగు వీధుల అవతల ఎవరికో ప్యాంటు కురచ చేస్తోంది. నేను ఆ బుడ్డి దగ్గరే కూర్చుని అది సగమయ్యేదాకా చూశాను. 

లెక్కల డాక్టరు దగ్గరికి పరిగెత్తాను. 'మందు ఎప్పుడూ లెక్కకన్నా ఎక్కువే మిగులుతోంది, విమానం ముందే వస్తోంది' అన్నాను. 'ముందు రావడం అదృష్టం. అదృష్టాన్ని నమ్మి మనిషికి సూది వెయ్యను. ఆ రోజు విమానం వేళకే వస్తే? సగం మందుతో బొమ్మ మసకగా వస్తే, ఉన్న జబ్బుని లేదంటే ఎవరు జవాబుదారీ?' అన్నాడు. ముందురోజు ఫారంలో పేరు లేనివాళ్ళని గడప తొక్కనివ్వడు. నాకు ఆయన పీక పిసకాలనిపించింది గానీ, మాట మాత్రం తప్పు కాదు.

అప్పుడు గుర్తొచ్చాయి నీ ఉత్తరాలు. మీ సామాన్లు ఎక్కించే ముద్రల పెద్దాయన ఉన్నాడు కదా, విమానం ఎక్కే ప్రతిదానికీ తలుపు మూసే వేళ ముద్ర కొట్టందే వదలడని నువ్వే నవ్వేదానివి. ఇక్కడ దించేవాళ్ళు తలుపు తెరిచిన వేళ కొడతారు. నీ కవర్లన్నీ దాచాను వదినా. ముప్పై ఒకటి ఉన్నాయి. అన్నీ బల్ల మీద పరిచి లెక్కేశాను. నలభై, నలభై రెండు, నలభై ఒకటి, నలభై ఒకటి. గాలివాన రోజుది ఒక్కటే యాభై మూడు. గంటా ఇరవై అయిదు ఒక్కటంటే ఒక్కటి లేదు.

కవర్లు చూపిస్తే లెక్కల డాక్టరు మెత్తబడ్డాడు. కానీ మరదలికి వదిన రాసిన కవర్లు ఫైల్లో పెట్టలేనన్నాడు. కంపెనీ నుంచి కాగితం కావాలట, నిజంగా ఎంతసేపు పడుతుందో రాసి, సంతకం పెట్టి. అంతే. నాలుగు వాక్యాలు. అవి వస్తే ఆ వారమే మూడో పేరు రాస్తానన్నాడు.

నువ్వు సీనియర్‌వి కదా. పంపు.

మరదలు


టైంటేబుల్ గది
మార్చి 8

మరదలా,

కోటు అందింది. కుట్టు కనపడనే లేదు, ఆవిడ చేతికి దండం పెట్టాలి. ఆఫీసులో అందరూ అడిగారు ఎవరు కుట్టారని.

ఇక్కడ ఊపిరాడటం లేదు. బహుమతిని ప్రధాన ద్వారం దగ్గర పెట్టడానికి గాజు అలమార చేయిస్తున్నారు. అది ఎంత ఎత్తుండాలో తేల్చడానికి నాలుగు మీటింగులు పెట్టారు. నాలుగింట్లోనూ సెంటు మేనేజరు పక్క కుర్చీయే నాకు. నాకు తలనొప్పిగా ఉందని మీ అన్నయ్య వంట చేస్తున్నాడు, అన్నం ముద్ద, కూర మాడు. వాన పడుతోంది. కింద టీ మిషను పాడైంది, పాలపొడి ముద్దలు ముద్దలుగా వస్తోంది, తలుచుకుంటేనే వాంతి.

నువ్వడిగిన కాగితం సంగతి చూస్తాను. అలా ఇవ్వడానికి పద్ధతులుంటాయి. తొందరపెట్టకు.

చిన్నత్తయ్యని అడిగానని చెప్పు.

వదిన


స్కాన్ గది
మార్చి 26

గౌరవనీయులైన సీనియర్ టైంటేబుల్ అధికారి గారికి,

తమరి ఉత్తరం కోసం రెండు మంగళవారాలు చూశాను. సంచిలో మందు తప్ప ఏమీ రాలేదు. ఇక నేనే వెతుక్కున్నాను.

మా దగ్గర పాత రిజిస్టరు ఒకటుంది. రెండేళ్ళ క్రితం దాకా, నేను చేరకముందు, ప్రతి మంగళవారం ముగ్గురికి స్కాన్ చేసేవారట. తర్వాత ఇద్దరే. ఎందుకు తగ్గిందా అని ఫైలు తీశాను. మీ కంపెనీ పంపిన సవరణ చీటీలు దొరికాయి. మొదటిది: ప్రయాణ కాలం యాభై నిమిషాలకు బదులు గంటా అయిదు. రెండోది: గంటా అయిదుకు బదులు గంటా ఇరవై అయిదు. చేత్తో రాసినవే. విమానం నెంబరులో ఒక ఏడు ఉంది. నడుం మధ్య అడ్డగీత ఉన్న ఏడు.

పెళ్ళైన కొత్తలో తమరు మా ఇంటి గోడ క్యాలెండరు మీద మీ పుట్టింటి ఫోన్ నెంబరు రాశారు. అందులో మూడు ఏడులు. మూడింటికీ బెల్టులు. 'వదిన ఏడులకి ప్యాంట్లు జారిపోతాయేమో' అని పిన్నీ నేనూ కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వాం. అంచేత పొరబడే అవకాశం లేదు.

పైవాళ్ళ తెలివి అన్నారు. మీ గది ఉండేది రెండో అంతస్తు, అవును, మాకన్నా పైనే.

పిన్ని ఇప్పటికి ఏడుసార్లు మూడోది అయింది. కిందటి వారం ఎందుకైనా మంచిదని పరగడుపున వచ్చి బయట బెంచీ మీద కూర్చుంది. 'ఎవరైనా రాకపోతే నన్ను పిలుస్తారేమో' అని. ఇద్దరూ వచ్చారు. పదకొండింటికి కళ్ళు తిరిగి గోడ పట్టుకుంది. లోపల బుడ్డిలో మందు మిగిలే ఉంది.

బఠాణీ గింజ ఇప్పుడు బొటనవేలి గోరంత అయింది. చేత్తో తడిమి చెప్తున్నాను, బొమ్మ చూసి కాదు.

నాకు తమరంటే అసహ్యంగా ఉంది. ఈ వాక్యం రాసి కొట్టేసి మళ్ళీ రాశాను.

ఇట్లు,
స్కాన్ గది ఉద్యోగిని


ఇల్లు, వంటింటి బల్ల
మార్చి 29

అమ్మా,

నిన్ను మరదలా అనడానికి, నన్ను వదిన అని రాసుకోవడానికి మొహం చెల్లక పిలుపు మార్చాను. తిట్టుకో.

పైవాళ్ళ తెలివి కాదు. నాదే. రెండేళ్ళ క్రితం పొద్దుటి మంచు వల్ల అయిదు, ఎనిమిది నిమిషాలు ఆలస్యమయ్యేది. సెంటు మేనేజరు రోజూ నా బల్ల మీద గుద్దేవాడు. 'విమానాన్ని తొందరపెట్టలేం గానీ టైంటేబుల్‌ని నెమ్మదిగా నడిపించొచ్చు కదా' అన్నాను. ఊరికే, నోటి దురదకి. ఆయన పగలబడి నవ్వాడు, మర్నాడు చెయ్యమన్నాడు. పదిహేను నిమిషాలు పెంచాను. నెల తిరిగేసరికి అందరూ మెచ్చుకున్నారు. వాళ్ళు అడక్కుండానే ఇంకో ఇరవై నేనే పెంచాను. నాకు ఎంత గర్వంగా ఉండిందో తెలుసా? ఇంటికొచ్చి మీ అన్నయ్యకి చెప్పాను. ఇద్దరం నవ్వుకున్నాం.

ఎవరికి నష్టం అనుకున్నాను. ముందే దిగినవాళ్ళు చప్పట్లే కొడుతున్నారు కదా! విమానంలో మనుషులే ఉంటారనుకున్నాను. పెట్టెలో చచ్చిపోయేది ఒకటి ఉంటుందని నీ మొదటి ఉత్తరం దాకా తెలీదు. అది చదివిన రోజే తెలిసింది. ఆ రోజే కాగితం రాసి ఉండాల్సింది. రాయలేదు. కేకు గురించి రాశాను. ఆ కేకు చెత్తబుట్టలో పడేశానన్నది కూడా అబద్ధం. తిన్నాను. రెండు ముక్కలు తిన్నాను.

ఆవిడ మెడ తిప్పలేక కుట్టిన పట్టీ చేతికేసుకుని ఇన్నాళ్ళూ తిరిగాను. నిన్న అద్దంలో చూసుకుంటే ఒళ్ళంతా జెర్రులు పాకినట్టయింది. సబ్బుతో మూడుసార్లు చేతులు కడుక్కున్నాను, ఎందుకో నాకే తెలీదు.

దీనితో కాగితం ఉంది. ముద్రల పెద్దాయన పుస్తకం తెచ్చి మూడు నెలల వేళలన్నీ ఎత్తి రాశాను. దూరం రెండు వందల పద్నాలుగు కిలోమీటర్లు, తలుపు మూసినప్పటినుంచి తెరిచేదాకా సగటున నలభై ఒక్క నిమిషాలు, టైంటేబుల్లో ఉన్నది నేను కావాలని పెంచినది. 'నేను' అనే రాశాను. సంతకం, ముద్ర రెండూ ఉన్నాయి. పెద్దాయన చదివి, తన సంతకం కూడా పెడతానన్నాడు. వద్దన్నాను.

నకలు సెంటు మేనేజరు బల్ల మీద పెట్టి వచ్చాను. 'బహుమతి వెనక్కి అడిగితే ఏం చేస్తావ్?' అని అరిచాడు. మొదట అడిగింది అదీ! సోమవారం నుంచి నన్ను తప్పిపోయిన సామాన్ల గదిలో వేశారు. అక్కడ కోటు వేసుకోనక్కర్లేదట.

చిన్నత్తయ్యకి ఎంత చెప్పాలో అంతా చెప్పు. దాచకు.

నేను


స్కాన్ గది
ఏప్రిల్ 12

వదినా,

ఆ కాగితం చదివి లెక్కల డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఒక వారం ఎవరెవరి సంతకాలకో తిరిగాడు, పాపం తనే స్వయంగా. ఎనిమిదో తేదీ ఫారంలో మూడు పేర్లు రాశాడు. తొమ్మిదో తేదీ మంగళవారం విమానం నలభై నిమిషాల్లో వచ్చింది. పిన్నికి నేనే సూది వేశాను. మందు ఇంకా మిగిలింది కూడా.

ముందు నా సంగతి ఒకటి చెప్పాలి. నిన్ను అన్ని మాటలన్నాను. మూడో మనిషి పిన్ని కాకముందు రెండేళ్ళు ఎవరో ఒకరు మూడో మనిషే కదా. వాళ్ళ పేర్లు రిజిస్టర్లో ఉన్నాయి. వాళ్ళ మందు కూడా నా చేతులతోనే మూల అరలో పడేశాను. అంకె రాశాను, చదవలేదు. ఆ పేర్లు వరసగా చూశాను, కొన్నింటి పక్కన ఎర్ర గీత ఉంది. ఎర్ర గీతంటే ఏమిటో నీకు చెప్పక్కర్లేదు. ఆ రోజు నుంచి నాకూ నా చేతులంటే రోతగా ఉంది.

ఇక బొమ్మ. పిన్ని నీకు చెప్పొద్దంది. 'దానికి ఇప్పటికే నిద్రపట్టడం లేదట, బాగానే ఉందని రాసెయ్' అంది. రాయబోయాను. కానీ మనింట్లో అంకెలు మార్చి రాయడం ఇక చాలు.

దవడ కింద ఒకటి వెలిగింది. భుజం ఎముక దగ్గర ఇంకోటి, ఊపిరితిత్తి అంచున చిన్నది ఇంకోటి. సర్జను బొమ్మని అటూ ఇటూ తిప్పి చూసి, ఫిబ్రవరిలో వచ్చుంటే ఒకచోటే ఉండేదేమో, కోసి తీసేవాణ్ణి అన్నాడు. ఇప్పుడు కొయ్యడట. మందులిస్తారు. మందులతో ఎన్నాళ్ళని అడిగితే ఆయన అంకె చెప్పలేదు. పిన్నే, 'పోన్లెండి, మీరు చెప్పినా నమ్మలేం' అంది.

ఇంటికొచ్చి మిషను మీద గుడ్డ తీసి కూర్చుంది. నీ సంగతి అంతా చెప్పాను, నువ్వు చెప్పమన్నట్టే, కేకు రెండు ముక్కలతో సహా. సూదిలోకి దారం ఎక్కించింది. తర్వాత, 'ఆ కోటు పంపమను. రెండో పట్టీ విప్పేస్తాను. మొదటిది దాని కష్టం, అది ఉండనీ. వేసుకోకపోయినా ఇంట్లో ఉండాలి' అంది.

రేపు పొద్దుటి విమానంలో పంపమంటాను అన్నాను.

'ఎంతసేపట్లో వస్తుందే?' అంది.

'నలభై ఒక్క నిమిషాలు.'

నోట్లోంచి గుండుసూదులు తీసి నావైపు చూసింది.

'మామూలు నలభై ఒకటా, మీ వదిన నలభై ఒకటా?' అంది.

నవ్వుతూనే అడిగింది వదినా.

మరదలు